అన్నకు ఏడీహెచ్‌డీ... మరి చెల్లి సంగతేంటి?

పీటీఎం శనివారం మా కారిడార్‌లో నిలబడితే ఒక దృశ్యం ప్రతిసారీ కనిపిస్తుంది. అమ్మానాన్నలిద్దరూ ముందు పెద్దవాడి తరగతికి వెళ్తారు. లెక్కల టీచరు, సైన్సు టీచరు, క్లాస్ టీచరు, ఆఖరికి కౌన్సెలర్‌గా నా గది. పూర్తికాని నోటుబుక్కులు, మూడోసారి పోయిన ఐడీ కార్డు, బస్సులో గొడవ అన్నీ మాట్లాడుకునేసరికి పన్నెండున్నర. అప్పుడు గుర్తొస్తుంది, కింది అంతస్తులో మూడో తరగతి చదివే చిన్నది ఉందని. గబగబా మెట్లు దిగుతారు. అక్కడి టీచరు నవ్వుతూ, "మీ పాప గురించి చెప్పడానికేమీ లేదండీ, వెరీ గుడ్ గర్ల్" అంటారు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం, ఒక థ్యాంక్యూ. మొత్తం రెండు నిమిషాలు.

ఆ రెండు నిమిషాల పిల్ల గురించే ఈ నెల రాస్తున్నాను. ఏడీహెచ్‌డీ ఉన్న బిడ్డను ఎలా పెంచాలో చెప్పేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. డాక్టర్లున్నారు, థెరపిస్టులున్నారు, యూట్యూబ్ ఉంది. ఆ బిడ్డ పక్క మంచం మీద పడుకునే రెండో బిడ్డ గురించి నా దగ్గర అడిగేవాళ్లు తక్కువ. అడగవలసిన అవసరం కనిపించదు కాబట్టే అడగరు. ఆ పిల్ల తింటుంది, రాసుకుంటుంది, పడుకుంటుంది. ఇంట్లో ఒక్కరైనా ప్రశాంతంగా ఉన్నారని మీకూ ఊపిరి ఆడుతుంది.

సౌలభ్యం కోసం ఇక్కడ అన్న, చెల్లి అని రాస్తున్నాను. ఏడీహెచ్‌డీని అబ్బాయిల్లో ఎక్కువగా గుర్తిస్తున్నారు కాబట్టి నా గదికి వచ్చే ఇళ్లలో తరచుగా కనిపించే జత అదే. మీ ఇంట్లో అక్క, తమ్ముడు అయితే అలాగే మార్చి చదువుకోండి.

చెల్లి అన్నను దాటే రోజు

ఏడీహెచ్‌డీ అంటే శ్రద్ధ నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం, ఆలోచించేలోపే చేసేయడం. ప్రతి పిల్లవాడిలోనూ ఇవి కొంత ఉంటాయి. డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 ప్రమాణాల ప్రకారం ఈ లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి, కనీసం 6 నెలలుగా ఉండాలి, ఇల్లు, బడి లాంటి రెండు చోట్లయినా కనిపించాలి, జీవితానికి అడ్డం పడుతుండాలి. గారాబం వల్ల వచ్చేది కాదు, సెల్‌ఫోన్ వల్ల పుట్టేదీ కాదు. కవలల మీద జరిగిన అధ్యయనాలు చూస్తే, పిల్లలకూ పిల్లలకూ మధ్య ఈ విషయంలో ఉండే తేడాలో 70 నుంచి 80 శాతం దాకా జన్యువుల పాత్రే.

చిన్నవాళ్ల విషయానికి వచ్చేసరికి దీనికి ఇంకో సంగతి కలుస్తుంది. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్‌లో ఫిలిప్ షా బృందం 2007లో ఒక అధ్యయనం ప్రచురించింది. పిల్లల మెదడు పైపొర ఏ వయసుకు పూర్తి మందానికి చేరుతుందో ఏళ్ల తరబడి స్కాన్‌లు తీసి చూశారు. ఏడీహెచ్‌డీ లేని పిల్లల్లో మధ్యస్థంగా ఏడున్నరేళ్లకు వచ్చిన ఆ దశ, ఉన్న పిల్లల్లో పదిన్నరేళ్లకు వచ్చింది. దారి అదే, మూడేళ్ల ఆలస్యం. తనను తాను ఆపుకోవడం, పని వరుస గుర్తుంచుకోవడం లాంటివి చూసుకునే ముందు భాగంలో ఈ ఆలస్యం మరీ ఎక్కువగా కనిపించింది. ఈ రంగంలో పేరున్న సైకాలజిస్టు రస్సెల్ బార్‌క్లీ తల్లిదండ్రులకు చెప్పే అంచనా కూడా ఇలాంటిదే. స్వీయ నియంత్రణలో ఈ పిల్లలు తమ వయసుకు సుమారు 30 శాతం వెనక ఉంటారని ఆయన అంటారు. ఇది కొలత కాదు, అంచనా మాత్రమే. తెలివికి దీనితో సంబంధం లేదు.

ఇప్పుడు మీ ఇంటి లెక్క వేయండి. అన్నకు పదకొండు, చెల్లికి ఎనిమిది. ఆధార్ కార్డు మీద మూడేళ్ల తేడా. పొద్దున్న ఏడింటికి బ్యాగు సర్దుకునే విషయంలో తేడా సున్నా. ఇంకో ఏడాది ఆగితే చెల్లే ముందుంటుంది. వాటర్ బాటిల్ ఆమెకు గుర్తుంటుంది, డైరీ మీద సంతకం ఆమె పెట్టించుకుంటుంది, షూ లేసులు ఎవరూ చెప్పకుండా కట్టుకుంటుంది. అన్నకు ఇవేవీ తెలియక కాదు. లెక్కల్లో వాడు ఆమెకు నేర్పగలడు. తెలిసిన పనిని తెలిసిన సమయానికి మొదలుపెట్టడం దగ్గరే వాడికి చిక్కు.

చిన్నది పెద్దవాడిని దాటిపోవడం ఒక రోజులో జరగదు, ఎవరూ ప్రకటించరు. కానీ ఇద్దరికీ తెలిసిపోతుంది. మన ఇళ్లలో అన్న అనే మాటకు ఒక బరువుంది. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేవాడు అన్న. అలాంటి అన్నకు చెల్లి వచ్చి "నీ టై అక్కడుంది" అని చెప్పాల్సి వస్తే వాడి మనసు చివుక్కుమంటుంది. ఏడు నుంచి పదేళ్ల మధ్య చెల్లెళ్లున్న ఇళ్లలో ఉన్నట్టుండి కొట్లాటలు పెరిగాయని తల్లులు నాతో చెబుతుంటారు. వాటిలో చాలా గొడవలు రిమోట్ గురించి కావు. పోయిన పెద్దరికం గురించి. ఇక చెల్లికేమో, తనను కాపాడవలసినవాణ్ణి తానే కాపాడాల్సి రావడం అర్థం కాని విషయం. దాని గురించి మాట్లాడుకోవడానికి ఆమెకు మాటలుండవు.

"నువ్వైనా..."

సరిగ్గా ఈ దశలోనే మనం, మనకు తెలియకుండానే, పెద్దవాడి బరువులో కొంత తీసి చిన్నదాని భుజాన పెడతాం. ఎలా పెడతామో తెలుసుకోవాలంటే ఒక వారం పాటు మీ నోటి వెంట వచ్చే ఒక్క మాటను పట్టుకోండి. "నువ్వైనా."

నువ్వైనా మాట విను. నువ్వైనా బాగా చదువుకో. నువ్వైనా మమ్మల్ని ఏడిపించకు. ఇవి ప్రేమతో, అలసటతో వచ్చే మాటలే. అమ్మ ఆఫీసు నుంచి వచ్చి, పెద్దవాడితో గంటసేపు హోంవర్క్ యుద్ధం చేసి, వంటింట్లోకి వెళ్తూ అనే మాటలు. కానీ ఎనిమిదేళ్ల పిల్లకు ఆ చిన్న మాటలో రెండు సంగతులు వినిపిస్తాయి. అన్న ఓడిపోయాడు. నాకు ఓడిపోయే హక్కు లేదు.

అలా విన్న పిల్లలు ఎలా ఉంటారో మేం బడిలో చూస్తాం. స్లిప్ టెస్టులో 20కి 18 వస్తే వాష్‌రూమ్‌లో ఏడ్చి వచ్చే పిల్ల. జ్వరం ఉన్నా చెప్పకుండా మధ్యాహ్నం దాకా కూర్చునే పిల్ల. ర్యాంకు కార్డును అన్న పడుకున్నాక తీసి చూపించే పిల్ల. ఆ చివరి పాపను ఎందుకలా అని అడిగితే, "నాకు మంచి ర్యాంకు వస్తే అన్నయ్యకు తిట్లు పడతాయి" అంది. "చెల్లిని చూసి నేర్చుకోరా" అన్న ఒక్క వాక్యం ఇద్దరినీ ఒకేసారి దెబ్బ తీస్తుంది. పెద్దవాడికి అవమానం, చిన్నదానికి భయం. దయచేసి ఆ వాక్యాన్ని మీ ఇంట్లోంచి తీసేయండి. మార్కులు ఎవరివి వాళ్లతో, వేర్వేరుగా, తలుపు వేసుకుని మాట్లాడండి.

రెండో బరువు కాపలా. "బస్సులో అన్న పక్కనే కూర్చో." "వాడు టాబ్లెట్ వేసుకున్నాడా చూడు." "ఇవాళ టీచరు వాణ్ణి ఏమైనా అన్నారా?" ఒక నాలుగో తరగతి పాప ఇంటర్వెల్‌లో రోజూ పై అంతస్తుకు వెళ్లి వస్తోందని ఆమె క్లాస్ టీచరు గమనించారు. (వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను.) అన్న తరగతి కిటికీలోంచి ఒకసారి చూసి వస్తోంది, అంతే. అన్న కూర్చున్నాడా, నిలబెట్టారా అని. సాయంత్రం అమ్మ అడిగితే చెప్పాలి కదా. స్నేహితులతో ఆడుకోవలసిన 15 నిమిషాలవి. ఆ పాప డైరీ వెనక పేజీలో అన్న టైమ్‌టేబుల్ రాసి ఉంది, ఏ రోజు ఏ నోట్సు తేవాలో సహా.

ఇందులో మా తప్పు కూడా ఉందని ఒప్పుకోవాలి. ఇద్దరూ ఒకే క్యాంపస్‌లో చదువుతుంటే మా టీచర్లకు చిన్నపిల్ల సులువైన పోస్ట్‌మ్యాన్. "మీ అన్న రికార్డు తేలేదని అమ్మకు చెప్పు." "ఈ సర్క్యులర్ మీ అన్నది, నువ్వు పట్టుకెళ్లు." అన్న మీద ఫిర్యాదును ఇంటికి మోసుకెళ్లే పని ఏ పిల్లకూ ఇవ్వకూడదు. మోసుకెళ్తే అన్నకు కోపం, మోసుకెళ్లకపోతే అమ్మకు కోపం. పెద్దవాడి విషయం ఏదైనా వాడి డైరీలోనో, ఫోన్‌లోనో, నేరుగా మీకే చెప్పాలని మా స్టాఫ్ మీటింగ్‌లో మాట్లాడుకున్నాం. మళ్లీ ఎవరైనా మీ చిన్నదాని చేత కబురు పంపితే నాకు చెప్పండి, మొహమాటపడొద్దు.

అయితే చెల్లి అన్నకు సాయం చేయనే కూడదా? ఎందుకు కూడదు. పెన్సిల్ ఇస్తుంది, బస్సొచ్చిందని కేకేస్తుంది, అవన్నీ తోబుట్టువుల మధ్య ఉండేవే. సాయమా, కాపలానా అని తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు. ఇవాళ ఆమె ఆ పని చేయకపోతే ఏమవుతుంది? ఏమీ కాకపోతే అది సాయం. "నువ్వు చూసుకోవాలి కదా" అని ఆమెకు మాట పడితే అది కాపలా. కాపలా పెద్దవాళ్ల పని. టాబ్లెట్ లెక్క అమ్మానాన్నలది, బస్సులో సీటు బస్సు ఆయాది, తరగతిలో చూపు టీచరుది.

జూడీ కెండల్ అనే అమెరికన్ నర్సింగ్ పరిశోధకురాలు 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఏడీహెచ్‌డీ ఉన్న అబ్బాయిల తోబుట్టువులతోనే నేరుగా మాట్లాడారు. కొద్ది కుటుంబాలతో చేసిన చిన్న అధ్యయనమే. ఇల్లంతా ఎప్పుడు ఏమవుతుందో తెలియని అలజడి, తాము దెబ్బలు తింటున్నా ఎవరూ పట్టించుకోరన్న బాధ, అన్నదమ్ముణ్ణి తామే చూసుకోవాలని పెద్దవాళ్లు ఆశించడం, ఒక రకమైన దిగులు. ఆ పిల్లలు చెప్పుకున్నవి ఇవి. చదువుతుంటే మన అపార్ట్‌మెంట్లలో పిల్లలు మాట్లాడినట్టే అనిపించింది నాకు.

ఆడపిల్లల విషయంలో ఇంకో పొర ఉంది. "ఆడపిల్లవి, నువ్వే సర్దుకోవాలి", "మగపిల్లాడు, అలాగే ఉంటాడు" అని నాయనమ్మో, అమ్మమ్మో అనేస్తుంటారు. అన్నకు ఏడీహెచ్‌డీ లేని ఇళ్లలోనే ఆ మాట బరువు. ఉన్న ఇళ్లలో అది రెట్టింపు. ఇంకొందరు ఒక అడుగు ముందుకు వేసి "మేం పోయాక అన్నను నువ్వే చూసుకోవాలమ్మా" అంటారు. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ మాట చెప్పకండి. అవసరం లేదు కూడా. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో చాలామందికి వయసుతో పాటు లక్షణాలు తగ్గుతాయి. కొన్ని మిగిలినా చదువుకుని, ఉద్యోగం చేసుకుని, సొంత సంసారం నడుపుకునేవాళ్లు మన చుట్టూనే ఉన్నారు.

ఆమెకు ఏం చెప్పాలి

చాలా ఇళ్లలో చెల్లికి ఏమీ చెప్పరు. చిన్నపిల్ల, అర్థం కాదని. లేదా బయట ఎక్కడైనా అనేస్తుందని. కానీ ఆమె ఆ ఇంట్లోనే ఉంటోంది. డాక్టరు దగ్గరికి వెళ్లడం, మందు, తలుపు వేసుకుని అమ్మానాన్నలు మాట్లాడుకోవడం అన్నీ చూస్తోంది. మనం చెప్పకపోతే తనే ఒక కథ అల్లుకుంటుంది. ఆ కథ నిజం కంటే ఎప్పుడూ భయంకరంగానే ఉంటుంది. "నాకూ అంటుకుంటుందా", "నేను వాడి బొమ్మ విరగ్గొట్టినందుకా", "అన్నయ్య చచ్చిపోతాడా". ఇవి నేను విన్న ప్రశ్నలు.

ఐదారేళ్ల పిల్లకు నేను చెప్పే పద్ధతి ఇది. "కూడలిలో ట్రాఫిక్ పోలీసు ఉంటాడు కదా? నీ బుర్రలోనూ ఒకడున్నాడు. ఒక్కో బండినీ ఆపి పంపిస్తుంటాడు. అన్నయ్య బుర్రలో పోలీసు కొత్తగా చేరాడు. అన్ని బళ్లనీ ఒకేసారి వదిలేస్తాడు. అందుకే అన్నయ్య మాటకు అడ్డం వస్తాడు, లాగేసుకుంటాడు. పోలీసు పని నేర్చుకుంటున్నాడు. డాక్టరు, అమ్మ, నాన్న, టీచరు నేర్పిస్తున్నారు." తొమ్మిది, పదేళ్లు వచ్చేసరికి ఏడీహెచ్‌డీ అన్న పేరుతోనే చెప్పవచ్చు. ఇది అంటుకునేది కాదనీ, ఎవరి తప్పు వల్లా రాలేదనీ స్పష్టంగా చెప్పండి. ఒక్కసారి చెప్పి వదిలేయకండి. ప్రతి ఏడాదీ ఆమె ప్రశ్న మారుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. అన్న ఎందుకలా చేస్తాడో చెప్పడం వేరు, చేసింది ఒప్పు అనడం వేరు. "వాడికి ఏడీహెచ్‌డీ కదమ్మా, పోనీలే" అంటే చెల్లికి అర్థమయ్యేది తన దెబ్బకు విలువ లేదని. ఇలా అనండి: "కొట్టడం తప్పే. వాడికి ఆగడం కష్టమవుతోంది. ఆగడం నేర్పించడం మా పని, నీ పని కాదు." ఆ చివరి మాట వినగానే కొందరు పిల్లల ముఖంలో వచ్చే తేలిక నేను చూశాను.

బయటివాళ్లకు ఏం చెప్పాలో కూడా ఆమెకు ఒక వాక్యం ఇవ్వండి. బస్సులో ఎవరో "మీ అన్న మెంటలా?" అంటారు. అనకుండా ఉండరు. "ఎవరికీ చెప్పకు" అని రహస్యం అప్పజెబితే, అప్పుడు ఆమె ఒంటరిదైపోతుంది. "అన్నయ్యకు కుదురుగా కూర్చోవడం కష్టం, అంతే. నువ్వు అలా అనకు" చాలు. ఇంట్లో ఆమె చేత రెండుసార్లు అనిపించండి. పేరు పెట్టి చెప్పాలా వద్దా అన్నది అన్న ఇష్టాన్ని బట్టి ఉండాలి, వాడినీ అడగండి.

సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది

ఈ ఇళ్లలో గొడవలు ఎక్కువగా జరిగే వేళ ఇది. దానికి కారణం కూడా ఉంది. కొందరు పిల్లలకు డాక్టర్లు మిథైల్‌ఫెనిడేట్ రాస్తారు. అది పనిచేసినంతసేపు బడిలో బాగానే గడుస్తుంది. సాయంత్రానికి దాని ప్రభావం దిగిపోతుంది, కొందరిలో ఆ దిగే సమయంలో చిరాకు పెరుగుతుంది. అంటే అన్నలోని శాంతమంతా టీచర్లకు దక్కి, చిరాకంతా చెల్లికి దక్కుతుంది. పైగా ఆ మందుకు ఆకలి తగ్గుతుంది. మధ్యాహ్నం లంచ్ బాక్సు అలాగే తిరిగొస్తుంది, రాత్రి తొమ్మిదింటికి ఆకలేస్తుంది. అప్పుడు అమ్మ వేడిగా దోసె పోసి పెడుతుంది. ఎనిమిదింటికే తినేసి పక్కమీద పడుకున్న చెల్లికి దోసె వాసన వస్తుంది. ఆమె దృష్టిలో అది మందు సంగతి కాదు, వాడి మీద ప్రేమ. ఎందుకో చెప్పండి. వీలైతే ఆమెకూ ఒకటి పోయండి.

సాయంత్రాల చిరాకు మరీ ఎక్కువగా ఉంటే మందు ఆపేయకండి, డాక్టరుకు చెప్పండి. మోతాదు, వేళ మార్చే వీలుంటుంది. చెప్పేటప్పుడు చెల్లికి తగులుతున్న దెబ్బల సంగతి కూడా చెప్పండి. డాక్టరు అడగరు, మీరే చెప్పాలి. ఇంకో సంగతి. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ కింద ఉంది, ప్రిస్క్రిప్షన్ రెండు కాపీలు ఉంటే తప్ప షాపులో ఇవ్వకూడదు. అలాంటి మందును ఫ్రిజ్ మీద డబ్బాలో పెట్టకండి, తాళం వేయండి. పరీక్షల ముందు "నేనూ వేసుకుంటే ఫస్ట్ వస్తానా" అని అడిగిన చెల్లి ఉంది.

గొడవ జరిగినప్పుడు ఒక్కటి మార్చి చూడండి. మామూలుగా మనం ఎవరు కొట్టారో వాడి వైపు పరుగెడతాం, అరుస్తాం, వాడు ఎదురు అరుస్తాడు, పది నిమిషాలు అదే సాగుతుంది. దెబ్బ తగిలిన పిల్ల మూల నిలబడి చూస్తుంటుంది. అంటే కొట్టినవాడికి పది నిమిషాల ధ్యాస, తగిలినదానికి సున్నా. ముందు ఆమె దగ్గరికి వెళ్లండి. ఎక్కడ తగిలిందో చూడండి, చన్నీళ్లు పెట్టండి, ఒళ్లో కూర్చోబెట్టుకోండి. వాడితో మాట కాసేపాగి, వాడు చల్లబడ్డాక. వేడిలో చెప్పింది వాడికి ఎలాగూ ఎక్కదు. వాడు నిజంగా ప్రమాదకరంగా ఉంటే మాత్రం ముందు ఇద్దరినీ విడదీయండి, అది వేరే చెప్పనక్కర్లేదు.

రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌లో ఆమెకు విడిగా గది ఇవ్వడం కుదరదు. కానీ తాళం వేసుకునే ఒక షెల్ఫ్ ఇవ్వవచ్చు. ఆమె బొమ్మలు, ప్రాజెక్టు చార్టు, కలర్ పెన్నులు అందులో ఉంటాయి. తాళం చెవి ఆమె దగ్గరే. అన్న వచ్చి లాగేయని చోటు ఇంట్లో ఒకటుందన్న ధైర్యం అది. అన్న చింపేసిన చార్టుకు "మళ్లీ వేసుకో" అని ఊరుకోకండి. పక్కన కూర్చుని మీరూ వేయండి. వాడు చల్లబడ్డాక వాడూ ఒక మూల రంగు వేస్తాడు, అది పరిహారం.

సమయం సంగతి. వారాంతం అంతా చిన్నదానితో గడపమని నేను చెప్పను, మీ ఇళ్ల పరిస్థితి నాకు తెలుసు. రోజుకు 15 నిమిషాలు. కానీ మిగిలిన సమయం కాకూడదు, ముందే అనుకున్న సమయం కావాలి. పెద్దవాడు బుద్ధిగా ఉంటే దొరికేది, గొడవ చేస్తే రద్దయ్యేది అయితే అది ఆమెది కాదు, వాడిదే. పాలప్యాకెట్‌కు స్కూటర్ మీద వెళ్లేటప్పుడు ముందు నిలబెట్టుకుని తీసుకెళ్లే నాన్న ఒకాయన ఉన్నారు. వెళ్లిరావడం 20 నిమిషాలు. ఆయన పెట్టుకున్న నియమం ఒకటే. ఆ దారిలో అన్న గురించి ఒక్క ప్రశ్న కూడా అడగరు. నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే మంచి చిట్కా ఇదే అనుకుంటాను.

చెల్లికి కూడా ఉందేమో?

దాదాపు ప్రతి తల్లీ ఆఖర్న, తలుపు దగ్గర నిలబడి అడిగే ప్రశ్న ఇది. ఒక బిడ్డకు ఉంటే తోబుట్టువుకు ఉండే అవకాశం మిగతా పిల్లల కంటే ఎక్కువ, అది నిజం. అలాగని రెండో బిడ్డ గెంతిన ప్రతిసారీ భయపడనక్కర్లేదు. నాలుగేళ్ల పిల్ల అన్నను చూసి సోఫా మీంచి దూకడం అనుకరణే కావచ్చు. అన్న లేని చోట, అంటే తరగతిలో, అమ్మమ్మ ఇంట్లో కూడా అలాగే ఉంటోందా చూడండి. ఒకవేళ నిజంగా ఉన్నా, ఆరేళ్లలోపు పిల్లలకు మందు కంటే ముందు తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వమనే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది దీనికి వ్యతిరేకమైన పొరపాటు. ఆడపిల్లల్లో ఏడీహెచ్‌డీ చాలాసార్లు గెంతులుగా కనిపించదు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది, ప్రశ్న సగమే చదువుతుంది, వస్తువులు పోగొట్టుకుంటుంది, ఎవరినీ ఇబ్బంది పెట్టదు. అన్న అల్లరితో పోలిస్తే ఆమె బుద్ధిమంతురాలిలాగే కనిపిస్తుంది. అలా ఏళ్లు గడిచిపోతాయి. టీచరు "గుడ్ గర్ల్" అన్నప్పుడు అక్కడితో ఆగకుండా రెండు ప్రశ్నలు అడగండి. చెప్పిన పని తనంతట తాను పూర్తి చేస్తోందా? ఇంటర్వెల్‌లో ఎవరితో ఆడుకుంటోంది?

ఏడీహెచ్‌డీ లేకపోయినా కొన్ని గుర్తులు ఊరికే వదలకండి. బడి రోజుల్లోనే వచ్చే కడుపునొప్పి, ఒక్క మార్కుకు గంటసేపు ఏడుపు, నిద్రలో ఉలికిపాటు, ఇష్టమైన ఆట మానేయడం, ఏమడిగినా "ఏం వద్దు" అనడం. ఇవి రెండు మూడు వారాలకు మించి సాగితే ముందు నా దగ్గరకు రండి, లేదా పిల్లల డాక్టరును కలవండి. ఇంట్లోంచే మాట్లాడాలంటే 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పెద్దవాడి కోసమే కాదు, చిన్నదాని కోసం, మీకోసం కూడా.

ఈ నెల పీటీఎంకు వచ్చినప్పుడు ముందుగా చిన్నవాళ్ల తరగతికి వెళ్లండి. పెద్దవాళ్ల క్లాస్ టీచర్లకు నేను చెప్పి ఉంచాను. మీరు పన్నెండింటికి వచ్చినా వాళ్లు ఉంటారు.